చిన్న ట్రాక్టర్‌తో నీటి కుంట తవ్వుకోవడం ఎలా

పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతున్న నీటి కుంటను చిన్న ట్రాక్టర్ వెనక బకెట్ ఒక్కదానితోనే తవ్వాలంటే దాదాపు 2,000 సార్లు బకెట్ నింపాలి, తిప్పాలి, పోయాలి. తీసిన మట్టి దారికి అడ్డమొచ్చి మళ్లీ ఎత్తి ఇంకోచోట పోయాల్సి వస్తే ఆ లెక్క రెట్టింపవుతుంది. డీజిలు, మన ఒళ్లు, బకెట్ కీళ్లలోని పిన్నుల అరుగుదల కూడా రెట్టింపే. అందుకే మట్టిని ఒక్కసారే ముట్టుకోవాలని నేను పట్టు పడతాను. కింద చెప్పే వరసంతా దానికోసమే.

మాది అనంతపురం జిల్లా ఎర్రనేల, చీనీ (బత్తాయి) తోట. ఏడెనిమిది టన్నుల పెద్ద జేసీబీ తోటలోకి వస్తే చెట్ల మధ్య తిరగలేదు, తిరిగినచోట నేల అణగ్గొట్టి పోతుంది. ముందు తొట్టి, వెనక బకెట్ బిగించిన 50 హార్స్‌పవర్ లోపు ట్రాక్టర్ అయితే సందుల్లోంచి వెళ్తుంది. పెద్ద మిషన్ ఒక్క రోజులో చేసే పనికి దీనికి నాలుగైదు రోజులు పడుతుంది. దీనికి బలం తక్కువ, కాబట్టి ఎక్కడ నిలబెడతాం, ఏది ముందు తవ్వుతాం అన్నదాంట్లోనే పనితనమంతా ఉంది.

బిగింపు చూసుకున్నాకే బండెక్కండి

వెనక బకెట్‌ను త్రీ పాయింట్ లింకేజీకి, అంటే నాగలి తగిలించే మూడు చేతులకు మాత్రమే తగిలించి పని చేసేవాళ్లను చూశాను. వద్దు. తవ్వే బలమంతా ట్రాక్టర్ వెనక హౌసింగ్ (గేర్లుండే పెట్టె) మీద పడి అది పగిలే ప్రమాదం ఉంది. పైగా జాక్‌ల మీద, అంటే వెనక నేలకు దించే రెండు ఇనుప కాళ్ల మీద బలం పడ్డప్పుడు మొత్తం సరంజామా పైకి లేచి, సీట్లో కూర్చున్నవాణ్ణి స్టీరింగ్‌కు అదిమేయగలదు. బకెట్ నుంచి ముందు యాక్సిల్ దాకా ట్రాక్టర్ కింద నడిచే ఇనుప చట్రం ఉండాలి, ముందు తొట్టి చట్రానికి అది బోల్టులతో కలవాలి. కొత్తగా కొంటున్నా, అద్దెకు తెస్తున్నా మొదట వంగి చూడాల్సింది ఆ చట్రాన్నే.

ఆ తర్వాత టైర్ల గాలి, బోల్టుల బిగువు, హైడ్రాలిక్ ఆయిల్ మట్టం చూడండి. హోస్ పైపు మీద తడి కనబడితే చేత్తో తడమకండి. సూదిమొనంత రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ కూడా చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి చిన్న గాటులాగే ఉంటుంది కానీ వెంటనే ఆసుపత్రికి వెళ్లకపోతే వేలు, చెయ్యి పోతాయి. అట్టముక్క అడ్డం పెట్టి చూస్తే కారేచోటు తెలిసిపోతుంది.

చోటు, కొలతలు

కుంట పొలంలో పల్లపు మూలన ఉండాలి, కానీ వంకలో ఉండకూడదు. నాలుగు వానలు పడ్డప్పుడు గొడుగేసుకుని పొలంలో తిరిగినవాళ్లకు నీళ్లు ఎటు పారి ఎక్కడ చేరతాయో తెలుస్తుంది. ఆ చోట వెనక బకెట్‌తో ఒక్క గుంత, రెండు మీటర్ల లోతు తీసి చూడండి. మాకు పైన అడుగు ఎర్రమట్టి, దానికింద గరుసు, ఆ కింద సుద్ద తగిలింది. మీకు రెండున్నర అడుగులకే బండ తగిలితే అక్కడ కుంట వద్దు, ఇంకోచోట చూసుకోండి. ఈ గుంతలోకి మాత్రం మనిషి దిగకూడదు. నిట్టనిలువు గోడలున్న గుంత ఛాతీ లోతు దాటితే ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం. ఒక ఘనపు మీటరు మట్టి టన్నున్నరకు పైగా బరువుంటుంది. అది మీద పడితే పక్కనున్నవాళ్లు పారతో తీసే లోపల ప్రాణం పోతుంది.

గట్టి ఎర్రనేలలో గోడలకు ఒకటికి ఒకటి వాలు చాలు, అంటే ఒక మీటరు కిందికి దిగితే ఒక మీటరు లోపలికి రావాలి. ఇసుక పాలు ఎక్కువుంటే ఒకటికి ఒకటిన్నర పెట్టండి. పైన 10 మీటర్లు, రెండు మీటర్ల లోతు, ఒకటికి ఒకటి వాలు అయితే అడుగున 6 మీటర్లు మిగులుతుంది. పై వైశాల్యం 100, నడిమి వైశాల్యం 64, అడుగు వైశాల్యం 36. నడిమిదాన్ని నాలుగుతో హెచ్చించి మూడూ కలపండి, ఆరుతో భాగించి లోతుతో హెచ్చించండి. సుమారు 130 ఘనపు మీటర్లు, అంటే లక్షా ముప్పై వేల లీటర్లు వస్తుంది.

నిండుతుందా అన్న అనుమానం అందరికీ ఉంటుంది. రెండెకరాల మీద 50 మిల్లీమీటర్ల వాన పడి, అందులో నాలుగో వంతు పారినా దాదాపు లక్ష లీటర్లు వస్తాయి.

తవ్విన మట్టి పొంగుతుంది. 130 ఘనపు మీటర్ల నేల బయటికొచ్చేసరికి 160 దాటుతుంది. మా వైపు ట్రాలీకి మూడు ఘనపు మీటర్లు పడుతుంది కాబట్టి అది 50 ట్రిప్పులకు పైమాటే. ఈ అంకె కాగితం మీద రాసుకోండి.

పైన తీగలు, కింద పైపులు

బోరు కేబుల్, డ్రిప్ మెయిన్ పైపు ఎక్కడ పోతున్నాయో పాతినవాణ్ణే పిలిచి అడగండి. సున్నం ముగ్గుతో గీత గీసి, ఆ గీత పక్కన పారతోనే తవ్వండి. రోడ్డు పక్క పొలమైతే ఫోన్ కేబుళ్లు ఉంటాయి. తవ్వేముందు కేబుల్ సంస్థలకు తెలియజేయడానికి కేంద్ర టెలికాం శాఖ ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ అనే యాప్‌ను 2023 మార్చిలో తెచ్చింది, దాన్ని వాడుకోండి. తలమీద 11 కేవీ లైను పోతుంటే బూమ్ (వెనక బకెట్‌ను మోసే పెద్ద చేయి) పూర్తిగా లేచినా తీగకు మూడు మీటర్ల దూరం ఉండాలి. అంత దూరం దొరక్కపోతే కుంటను అక్కడి నుంచి జరపాలి.

మట్టి ఎక్కడికి పోవాలో ముందే తేల్చుకోండి

నేలను మూడు రకాలుగా చూడండి. పైన జానెడు మట్టి సారం. ఇరవై ఘనపు మీటర్ల దాకా వస్తుంది, దాన్ని చీనీ పాదుల దగ్గరికి నేరుగా తోలుకుంటే మంచిది. నడిమి గరుసుమట్టి గట్టుకు పనికొస్తుంది. అడుగు సుద్ద పంటకు చెరుపు, కాబట్టి బండ్ల బాటలో పల్లాలు పూడ్చడానికి వాడండి. ఇవన్నీ మీ పొలంలోనే సర్దుకుంటాయి. అమ్మకానికి బయటికి తోలాలంటే మాత్రం గనుల శాఖ అనుమతి కావాలి.

గట్టు మూడు పక్కలే. నీళ్లు వచ్చే పక్క ఖాళీగా ఉండాలి. కుంట అంచుకీ గట్టుకీ మధ్య మీటరు నేల వదలండి. ఆ మీటరు వదలకపోతే మొదటి పెద్దవానకే గట్టు మట్టి మళ్లీ కుంటలోకి జారుతుంది. నాలుగు మూలలా కొయ్యలు పాతి తాడు కట్టండి, గట్టు ఎక్కడ రావాలో అక్కడ ముగ్గు పోయండి, బండి దిగే బాట నీళ్లు వచ్చే పక్కనే గీయండి. ఆ బాటే చివరికి కాలువ మూతి అవుతుంది, దానికని వేరే తవ్వకం ఉండదు.

మొదటి మీటరు ముందు తొట్టితో

మే నెలలో ఎండిన ఎర్రనేల రాయిలా ఉంటుంది. మొదటి తొలకరి పడ్డ రెండు మూడు రోజులకు దిగండి, లేదా రెండు రోజుల ముందు డ్రిప్ పైపు వదిలి తడపండి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, కింద వేస్తే విరగాలి. చేతికి అంటుకుంటుంటే ఇంకో రోజు ఆగండి.

మన బండి వెనక బకెట్ ఉంటుంది కాబట్టి, మొదట పక్కింటివాళ్ల ట్రాక్టర్‌తో కల్టివేటర్ వేయించండి. ఇది చాలామంది చేయరు, కానీ సగం కష్టం ఇక్కడే తగ్గుతుంది. చిన్న బండి ముందు తొట్టి గట్టి నేలను కోయలేదు, వదులైన మట్టిని ఎత్తుకోగలదు. కల్టివేటర్ వేసిన అర అడుగు తీసేయడం, మళ్లీ వేయించడం, మళ్లీ తీసేయడం. ఇలా మీటరు దాకా దిగండి. బాటను ఆరు మీటర్ల పొడవుకు ఒక మీటరు దిగేలా ఉంచండి, అంతకన్నా నిటారుగా వద్దు.

తొట్టిని నేలకు సమంగా దించి, చిన్న గేరులో, మట్టిలోకి నేరుగా వెళ్లండి. టైర్లు తిరిగి జారుతున్నాయంటే తొట్టి లోతుగా దిగిందని అర్థం, కొంచెం ఎత్తండి. నిండుతుండగానే వెనక్కి మలుపుతూ లేపితే మట్టి కూర్చుంటుంది. నిండు తొట్టిని మోకాలి ఎత్తు దాటకుండా మోయండి. తలెత్తు లేపి మలుపు తిరిగితే బండి పక్కకు ఒరుగుతుంది. వాలు మీద ఎప్పుడూ నేరుగా ఎక్కాలి, నేరుగా దిగాలి, అడ్డంగా పోకూడదు. సీటు పైన, బోల్తా పడితే కాపాడే చట్రం ఉంటే బెల్టు పెట్టుకోండి. ఈ దశలో వెనక బకెట్ విప్పేయాలని కొందరు అనుకుంటారు. ఉంచండి, ముందు బరువుకు అదే సరితూకం. విప్పితే వెనక వేరే బరువు కట్టి తీరాలి.

మొదటి మీటరులో వచ్చేది దాదాపు 80 ఘనపు మీటర్లు. తొట్టి నేరుగా గట్టు దగ్గరికో పాదుల దగ్గరికో వెళ్లి పోసేస్తుంది కాబట్టి ఎక్కడా కుప్ప ఉండదు.

వెనక బకెట్‌ను నిలబెట్టడం

ఇప్పుడు మీరు మీటరు లోతున చదునైన నేల మీద ఉన్నారు. బండి తోకను బాటకు ఎదురుగా ఉన్న గోడ వైపు పెట్టండి. ముందు తొట్టిని నేలకు అదిమి పెట్టండి. జాక్‌లు రెండూ దించి, వెనక టైర్ల బరువు వాటి మీదికి వచ్చేదాకా నొక్కండి. టైర్లు గాల్లోకి లేవాల్సిన పని లేదు, కాస్త బరువు తగ్గితే చాలు. జాక్ పాదం కింద నేల మెత్తగా ఉంటే చెక్కలు వేయండి. గేరు న్యూట్రల్‌లో, పార్కింగ్ బ్రేకు పట్టి, బండి అడ్డంగా సమంగా ఉందో లేదో ఒకసారి దిగి చూడండి. ఒక పక్కకు వాలి ఉంటే నిండు బకెట్ పల్లం వైపు తనంతట తనే తిరుగుతుంది.

మొదటి అరగంట ఊరికే ఆడించండి. ఏ లివరు బూమ్, ఏది డిప్పర్ (బూమ్‌కీ బకెట్‌కీ మధ్య ఉండే చేయి), ఏది బకెట్ ముడుపు, ఏది తిప్పడమో బండికీ బండికీ మారుతుంది. చూడకుండా చెయ్యి పోయేదాకా మట్టి ముట్టకండి. ఇంజన్ సగం రేస్‌కు కాస్త పైన ఉంటే సరిపోతుంది. ఎక్కువ పెడితే కొత్త చేతికి బకెట్ దెబ్బలు కొడుతుంది.

తవ్వడం అంటే పళ్లను నేలలోకి పొడవడం అనుకుంటే పొరబాటు. డిప్పర్‌ను చాచి, బకెట్ పళ్లు నేలకు నలభై ఐదు డిగ్రీల వాలులో తాకేలా పెట్టి, డిప్పర్‌ను మన వైపు లాగండి. లాగుతూ లాగుతూ బూమ్‌ను కొంచెంకొంచెం లేపండి, పళ్లు జానెడు లోతుకు మించి దిగకూడదు. కుదిరినప్పుడు మట్టి బెండకాయ ముక్కల్లా విరగదు, కొబ్బరి తురిమినట్టు పొరగా లేచి బకెట్లోకి చుట్టుకుంటుంది. ఇంజన్ శబ్దం మారదు, సీటు కదలదు. బకెట్ సగం దూరంలోనే నిండుతుంది, అప్పుడు ముడవండి. బకెట్ అడుగుభాగం నేలకు రాసుకుంటోంది, మట్టి రావడం లేదంటే వాలు తప్పింది, కాస్త విప్పండి. కీచుమని శబ్దం వచ్చి ఇంజన్ మూలిగితే, ఒత్తిడి మించినప్పుడు ఆయిల్‌ను వదిలేసే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుంటోందని అర్థం. లివరు వదలండి. పట్టుకుని ఉంటే ఆయిల్ వేడెక్కడం తప్ప రాయి కదలదు. రాయి చుట్టూ మట్టి తీసి, కిందినుంచి పళ్లు పెట్టి లేపితే వస్తుంది.

బకెట్‌ను పక్కకు ఊపి రాళ్లను గానీ కుప్పలను గానీ తోయకండి. తిప్పే పిన్నులు, బుష్‌లు ఆ దెబ్బకు చేసినవి కావు. బకెట్ నేలలో ఉండగా ట్రాక్టర్‌ను ముందుకు నడిపి లాగడమూ అంతే.

గొయ్యి వెనకే ఉండాలి, పక్కన ఉండకూడదు

నా మొదటి కుంటలో ఇక్కడే తప్పు చేశాను. దుక్కి దున్నినట్టు ఒక చాలు చివరిదాకా తవ్వి, దాని పక్కనే రెండో చాలు మొదలుపెట్టాను. రాత్రి జల్లు పడింది. తెల్లారి బండి నిలబెట్టి నాలుగు బకెట్లు తీశానో లేదో, ఎడమ జాక్ కింద నేల రొట్టెముక్కలా విరిగి గొయ్యిలోకి జారింది. సీటు ఎడమకు వంగింది. బకెట్ అదృష్టం కొద్దీ ఎడమ పక్కే ఉంది, బూమ్ దించి గొయ్యి అడుగున ఆనించాను, బండి దాని మీద నిలబడింది. దిగి చూస్తే ముందు టైరు నేల మీద లేదు. ఆ రోజంతా ఇంకో ట్రాక్టర్‌తో గొలుసు వేసి లాగడానికే సరిపోయింది.

అప్పటినుంచి చాలుగా కాదు, అడ్డవరసగా తవ్వుతున్నాను. బాటకు ఎదుటి గోడ దగ్గర మొదట ఎడమ మూల, తర్వాత నడిమి, తర్వాత కుడి మూల. మూడు చోట్ల బండి నిలబెడితే ఎనిమిది మీటర్ల వెడల్పు అందుతుంది. చోటు మారేటప్పుడు తవ్విన అంచుకు మీటరు ఎడం ఉంచండి. ఆ వరస అడుగుదాకా అయ్యాకే బండి రెండు మీటర్లు ముందుకు, అంటే బాట వైపు జరగాలి. మళ్లీ మూడు చోట్లు. ఇలా వెళ్తే బండి ఎప్పుడూ తవ్వని గట్టి నేల మీదే ఉంటుంది, గొయ్యి వెనకే ఉంటుంది.

రెండో మీటరు దిగే ముందు పై గోడలను వాలుగా చెక్కేయండి. తోక గోడ వైపు పెట్టి, బకెట్‌ను పైఅంచు మీద ఆనించి కిందికి లాగితే తాడు పట్టినట్టు వాలు వస్తుంది. రాలిన మట్టిని ముందు తొట్టితో తీయండి. ఈ కాస్తా రెండుసార్లు ముట్టుకోక తప్పదు.

రెండో మీటరు మట్టి 50 ఘనపు మీటర్లు, పొంగితే 60 పైన, అంటే నిండుగా పోస్తే ఇరవై ట్రాలీలు. ట్రాలీని జాక్ పాదానికి అవతల, బకెట్ తిరిగే దూరంలో, గొయ్యి అంచుకు ఎడంగా నిలబెట్టించి నేరుగా అందులోకే పోయండి. ఎనభై లీటర్ల బకెట్ అయితే ట్రాలీకి ముప్పై ఎనిమిది దాకా పడతాయి. బాట ఎక్కాలి కాబట్టి ముక్కాలు వంతే నింపండి. పోస్తున్నంతసేపు ట్రాలీ డ్రైవరు దిగి దూరంగా నిలబడాలి. బకెట్ తిరిగే వలయంలో మనిషి గానీ కుక్క గానీ ఉంటే లివర్ల నుంచి చేతులు తీసేయండి. సెలవుల్లో పిల్లలు చూడటానికి వస్తారు. ఒక పెద్దమనిషిని కాపలా పెట్టి మరీ వాళ్లను తాడు అవతల ఉంచండి.

బాటను మింగుతూ బయటికి రావడం

చివరి వరసకు బండి బాట మీదే నిలబడుతుంది, ముక్కు పైకి, తోక కిందికి. లాగిన ప్రతిసారీ బకెట్ బండిని గొయ్యిలోకి గుంజుతుంది. అందుకే ముందు తొట్టి అంచును కిందికి వంచి నేలలో గుచ్చండి, టైర్ల కింద గట్టి దిమ్మెలు పెట్టండి. బకెట్లు సగమే నింపండి. ఇక్కడ ట్రాలీకి చోటుండదు, మట్టిని బాటకు రెండు పక్కలా అంచుకు మీటరు దూరంలో పోసి తర్వాత తొట్టితో చదును చేయండి. బండి పైకొచ్చేసరికి బాట మీటరున్నర వెడల్పు కాలువ మూతిగా మిగలాలి. దాని ముందు మీటరు లోతు గుంత ఒకటి తీస్తే ఒండ్రు అందులో ఆగుతుంది, ఏటా ఒక పూటలో తోడేసుకోవచ్చు. కాలువకు ఎదురు పక్క, గట్టు తలకు అడుగు కింద, ఎక్కువైన నీళ్లు పోయే మరవను రాళ్లు పరిచి కట్టండి.

సాయంత్రం బండి ఆపాక బకెట్, తొట్టి నేలమీద పెట్టి, ఇంజన్ ఆపి, లివర్లు అటూ ఇటూ ఆడించి ఒత్తిడి వదిలేయండి. ప్రతి పిన్నుకూ పాత గ్రీజు బయటికొచ్చేదాకా కొత్తది కొట్టండి. మర్నాడు పొద్దున కొడదాంలే అనుకుంటే కొట్టరు.

నీళ్లు నిలవడానికి

నల్లరేగడిలో నీళ్లు చాలావరకు నిలుస్తాయి. మా ఎర్రనేలలో పరదా లేకపోతే వారం తిరక్కుండా ఇంకిపోతాయి. 500 మైక్రాన్ల పాలిథిన్ షీటు వేయించండి. ఈ కొలత కుంటకు పద్నాలుగు మీటర్లకు పద్నాలుగు మీటర్ల షీటు కావాలి: అడుగు ఆరు, రెండు వాలులూ కలిపి ఐదున్నర పైన, అంచుల్లో పాతడానికి చెరో మీటరు. వేసేముందు గోడల్లో పొడుచుకొచ్చిన రాళ్లు, వేర్లు ఏరి, జల్లించిన మట్టితో మెత్తగా పూయండి. అంచును పాతే కాలువ అడుగు వెడల్పు, అడుగున్నర లోతు చాలు. షీటు వేయకముందే అది తవ్వేసుకోండి. వేశాక బండిని దరిదాపులకు రానీయొద్దు.

షీటు వేసిన రోజే కంచె కూడా పూర్తి కావాలి. తడిసిన పాలిథిన్ వాలు మీద పెద్దవాళ్లకే కాలు నిలవదు, ఈత వచ్చినవాళ్లు కూడా పైకి ఎక్కలేరు. మనిషి ఎత్తు కంచె, గొళ్లెం పడే గేటు పెట్టండి. నాలుగు పక్కలా ఒడ్డు మీద కొయ్యలు పాతి, అడుగుకో ముడి వేసిన లావు తాడును నీళ్లలోకి వేలాడదీయండి. గాలి నింపిన పాత ట్యూబు ఒకటి గేటు పక్కనే, చేతికి అందేలా కట్టి ఉంచండి.